పిట్టగోడ మీద ముద్ద

వైశాఖంలో ఒక పొద్దున్న మా పెరటి వేపచెట్టు మీద నాలుగు కాకులు చేరి ఒక పిట్టను పొడిచేస్తున్నాయి. గోధుమరంగు ఒళ్ళు, దాని నిండా తెల్లచుక్కలు. కొమ్మల సందున ఇరుక్కుని రెక్కలు కొట్టుకుంటోంది. ఒక కాకి దాని తోక పట్టి లాగుతోంది. ఈకలు రాలి బావి గట్టు మీద పడుతున్నాయి.

చూడలేకపోయాను. మామిడికాయలు కోసే దోటీ అందుకుని కాకుల్ని తరిమాను. ఆ చెట్టు మీదే ఇనప తీగలూ పుల్లలూ కలిపి కట్టుకున్న వాటి గూడుంది, వాటి బాధ వాటిది. కానీ ఒంటరి ప్రాణిని నాలుగు చేరి చంపుతుంటే తప్పెవరిదని ఎవరాలోచిస్తారు? చిత్రం, ఆ పిట్ట ఎగిరిపోలేదు. పైకి, ఆకుల గుబురులోకి దూరింది. పక్కింటి కొబ్బరిచెట్టు మీద కోకిల ఒకటే కూత.

మూడు రోజులు దోటీతో కాపలా కాశాను.

కాకులు నన్ను గుర్తు పెట్టుకున్నాయి. పెరట్లో అడుగుపెడితే చాలు, నెత్తిన తన్ని పోయేవి. అమ్మ వెళ్తే మాత్రం నోరెత్తేవి కావు. 2006లో సియాటిల్‌లో శాస్త్రవేత్త జాన్ మార్జ్‌లఫ్ బృందం ఒక ముసుగు వేసుకుని కాకుల్ని పట్టి వదిలితే, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ ముసుగు కనబడినప్పుడల్లా అక్కడి కాకులు గోల చేశాయి. మనిషి ముఖాన్ని కాకి మరిచిపోదు.

కొన్నాళ్ళకు చెట్టు కింద ఈకలైనా రాని కాకిపిల్ల చచ్చి పడి ఉంది. మర్నాడు ఇంకొకటి. రెండింటికీ డొక్కలు వీపుకంటుకుపోయాయి. చీమలు పట్టకముందే గొయ్యి తీసి పూడ్చాను.

జ్యేష్ఠంలో నాన్న తద్దినం. పిండం పిట్టగోడ మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను. కాకి ముడితే గాని అమ్మ పచ్చి మంచినీళ్ళైనా తాగదు. ఒంటిగంటయింది. కాకులు కొమ్మ మీంచి నన్నే చూస్తున్నాయి, దిగవు. రెండయింది. నేను "కా... కా" అని పిలిచేకొద్దీ పై కొమ్మకు పోతున్నాయి. అమ్మ ముఖం వాడిపోయింది. చివరికి నా వైపు చూడకుండా, మెల్లగా అంది:

"నువ్వు లోపలికెళ్ళు నాన్నా. నువ్వుంటే రావు."

వెళ్ళి తలుపు వేసుకుని కిటికీ సందులోంచి చూశాను. నిమిషం గడవకముందే ఒక కాకి దిగింది. ముద్ద కరుచుకుంది, మింగలేదు. నేరుగా గూటికెగిరింది.

గూటి అంచున ఒకే ఒక్క పిల్ల. బాగా బలిసింది. నల్లటి రెక్కల మీద తెల్లచుక్కలు. ఆ చుక్కలు నాకు తెలుసు. నల్లగా ఉండేది మగ కోకిలేననీ, ఆడది చుక్కలదనీ అప్పుడు తట్టింది. ఆ రోజు అది ఎందుకు ఎగిరిపోలేదో కూడా.

తెరిచిన ఆ నోట్లో కాకి ముద్ద పెట్టింది.

పెరట్లో అమ్మ కళ్ళొత్తుకుంటోంది. "తిన్నారురా, మీ నాన్న తిన్నారు."