అన్నగారి గోడ

ఫ్రిస్కోలో మన తెలుగువాళ్లున్న ప్రతి వీధికీ ఒక అన్న ఉంటాడు. పగలు కోడు, రాత్రి హైదరాబాద్ టీముతో కాల్స్. శనివారం పొద్దున్న మాత్రం నడుముకి పనిముట్ల బెల్టు కట్టి, చెవి మీద పెన్సిలు పెట్టి, గ్యారేజీ తలుపెత్తి నిలబడతాడు. ఊళ్లో బల్బు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్‌కి కబురెట్టిన వంశం. ఇక్కడ ప్లంబరు అడిగిన డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకున్న రోజే ఆయనలోని విశ్వకర్మ లేచి కూర్చున్నాడు.

మా వీధి అన్నకి గోడ కావాల్సొచ్చింది. తెనాలి నుంచి అమ్మానాన్నా ఆరు నెలలకని వచ్చారు. హాల్లో సీరియల్ అత్తగారు అరుస్తుంటే, అదే హాలు మూలనుంచి అన్న మీటింగు. ఇంట్లో అంతా క్షేమమేనా అని మేనేజరు అడిగాడట.

"అడ్డంగా గోడ లేపేద్దాం. రెండు వీకెండ్ల పని, తమ్ముడూ" అన్నాడు. నన్ను తమ్ముడూ అన్నాడంటే బరువు మొయ్యాలని అర్థం.

టూ బై ఫోర్ కర్రలు తెచ్చాం. పెద్దాయన టేపు పెట్టి కొలిచారు. "ఒరేయ్, ఒకటిన్నరా మూడున్నరే ఉందిరా! మిగతాది అడితివాడు మింగాడా?" చిత్రిక పట్టాక మిగిలేది అంతేననీ, పేరొక్కటే పాతదనీ అన్న చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఆ పూట అమెరికా మీద గౌరవం ఒక అరంగుళం తగ్గించుకున్నారు.

అసలు పేచీ కింద ఉంది. నేల చెక్కదే గానీ మేకులు కొట్టింది కాదు. ఒకదాన్లో ఒకటి ఇరికించి కాంక్రీటు మీద ఊరికే పరిచిన పలకలు. తేమ పెరిగితే మొత్తం ఒక్క చాపలా సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. అందుకే గోడల వెంట సన్నని సందు వదిలి, పైన పట్టీతో కప్పుతారు. అలాంటి నేల మీద గోడ కూర్చోబెట్టకూడదు. గోడ వచ్చేమేర పలకలు కోసేసి, అడుగు కర్రని కాంక్రీటుకే బిగించి, అటూ ఇటూ సందు వదలాలి. ఇదంతా అన్నకి తెలుసు. పదకొండు వీడియోలు చూశాడు, నాకు రెండుసార్లు పాఠం చెప్పాడు.

డ్రిల్లు పట్టుకుని వంగాక గ్యారేజీ నేల గుర్తొచ్చింది. అక్కడ సిమెంటులో అచ్చుగుద్ది ఉంది: కొయ్యరాదు, తొలవరాదు అని. టెక్సస్ బంకమట్టి వానకి ఉబ్బి ఎండకి బీటలేస్తుంది కనక చాలా ఇళ్లకి స్లాబులో ఉక్కు తీగలు లాగి బిగిస్తారు. తీగకి డ్రిల్లు తగిలితే? అన్న ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"పనివాణ్ణి పిలుద్దామండీ" అంది వదిన. ఆ మాట అనకుండా ఉండాల్సింది. అన్న లేచి, అడుగు కర్రకి జిగురు పట్టించి, పలకల మీదే అంటించేశాడు.

ఆపైన అంతా శాస్త్రప్రకారమే. పదహారంగుళాలకో నిలువు కర్ర, అరంగుళం జిప్సం బోర్డు, అతుకులకి టేపు, దాని మీద మూడు పూతలు. గీకితే లేచిన తెల్లదుమ్ము కందిపప్పు డబ్బాలోక్కూడా వెళ్లింది. దసరాకి మొదలైన రెండు వీకెండ్లు సంక్రాంతికి ముగిశాయి.

పెద్దాయన వేలితో కొట్టి చూశారు. "డప్పులా మోగుతోందేంట్రా?" లోపల బోలు మరి, దూది లాంటిది కూరడం మర్చిపోయాం. సీరియల్ అత్తగారి గొంతు గోడ అవతల నుంచి ఇంకాస్త గంభీరంగా వినిపించింది.

ఫిబ్రవరిలో పెద్దవాళ్లు విమానమెక్కారు. మే నెల వానలకి నేల సాగబోయింది, గోడ కదలనివ్వలేదు. కిటికీ పక్కన రెండు పలకలు గేదె వెన్నులా లేచాయి. అన్న వాటి మీద తివాచీ పరిచి, వచ్చినవాళ్లకి తడబడకుండా దాటడం నేర్పిస్తున్నాడు.

నిన్న వాట్సాప్‌లో మెసేజి వచ్చింది: "తమ్ముడూ, శనివారం ఖాళీయేనా?" ఆస్టిన్ వెళ్తున్నానని చెప్పాను.