ఎవలి రూపాయి?

మా నాయినమ్మ సందుగ అడుగున, పసుపంటిన గుడ్డపేలికలో మూడు ముళ్లేసి దాచిన వెండి రూపాయి ఒకటి ఉండేది. చిన్నగా, మందంగా, ఒక పక్క అరిగి ఉండేది. ఆమె అత్తగారికి వాళ్ల అత్తగారు ఇచ్చిందట. ఇంటిల్లిపాదీ దాన్ని నైజాం రూపాయి అనే పిలిచేవాళ్లం.

పదో తరగతి పరీక్షలైపోయిన ఎండాకాలంలో నాయినమ్మను బతిమాలి, దాన్ని పట్టుకుని నకిరేకల్‌లో మా బజారు చివరున్న ఉర్దూ సారు దగ్గరికి పోయాను. తళతళలాడాలని చింతపండుతో తోమబోతే సారు చెయ్యి పట్టుకుని ఆపాడు. "తోమితే అక్షరం పోతది బేటా." భూతద్దం తెచ్చి, అరుగు మీద కూచుని ఎండకు తిప్పి తిప్పి చూశాడు.

"దీని మీద పేరు నిజాముది కాదు. బహదూర్ షా బాద్‌షాది."

మరి నిజాం ఏడి సార్ అంటే ఒక మూల గోరు ఆనించి చూపించాడు. గిన్నెలాంటి చిన్న గీత, దాని మీద ఒక చుక్క. నూన్. నాసిరుద్దౌలా పేరులో మొదటి అక్షరం. హైదరాబాద్ రాజ్యమంతా ఏలిన నాలుగో నిజాముకు తన సొంత టంకసాలలో దక్కిన చోటు అంతే. కాగితం మీద నిజాముల వంశమైన ఆసఫ్ జాహీలు మొగలు చక్రవర్తికి సుబేదార్లే మరి.

ఆ చక్రవర్తి కథ సారు చెబుతుంటే పొద్దుగూకింది కూడా తెలియలేదు. 1837లో గద్దెనెక్కేనాటికే ఆయనకు 62 ఏళ్లు నిండవస్తున్నాయి. ఈస్టిండియా కంపెనీ ఇచ్చే నెలకు లక్ష రూపాయల పింఛనే ఆధారం. ఎర్రకోట గోడ దాటితే ఆయన హుకుం చెల్లదు. కంపెనీ 1835 నుంచే తన రూపాయల మీద ఇంగ్లండు రాజు తల వేసుకుంటోంది. ఆ రూపాయి మీద చోటు లేని ఆయన పేరు నైజాం వెండి మీదెక్కి, ఢిల్లీ నుంచి ఇంత దూరం, మా ముత్తాతల నడుముకు కట్టిన సంచిలోకి వచ్చింది.

1857లో సిపాయిలు లేచారు. జూలై 17న హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ మనుషులను వెంటేసుకుని బ్రిటిష్ రెసిడెన్సీ మీద పడ్డారు. దివాను సాలార్ జంగ్ మాత్రం ఇంగ్లీషువాళ్ల పక్కనే నిలబడ్డాడు. సెప్టెంబరులో ఢిల్లీ పడింది. హుమాయూన్ సమాధి దగ్గర ముసలి బాద్‌షా దొరికిపోయాడు. మర్నాడు ఆయన ఇద్దరు కొడుకులనూ ఒక మనవణ్నీ ఇంగ్లీషు అధికారి హడ్సన్ కాల్చి చంపాడు.

1858 జనవరి 27న ఎర్రకోటలోనే ఆయన మీద విచారణ మొదలైంది. నేరాల్లో ఒకటి, బ్రిటిష్ సర్కారుకు ప్రజ అయి ఉండి తనను తాను హిందుస్తాన్‌కు రాజునని ప్రకటించుకోవడం! అరచేతిలో ఆ రూపాయి పెట్టుకుని ఈ మాట వింటే నాకు కడుపు రగిలిపోయింది. ఇరవై ఏళ్లుగా ఆయన్ని బాద్‌షా అని వెండి మీద అచ్చేసింది కంపెనీకి దోస్తయిన నిజాం టంకసాలే కదా.

ఆ తర్వాత హైదరాబాదు రూపాయి మీద ఆయన పేరు తీసేశారు. వంశ మూలపురుషుడు ఆసఫ్ జా బిరుదు వేశారు. ముసలి బాద్‌షానేమో రంగూన్ పంపారు. 1862 నవంబర్ 7న, 87 ఏళ్ల వయసులో అక్కడే కన్నుమూశాడు. ఆ రోజే పాతిపెట్టి, ఆనవాలు దొరకకుండా నేల చదును చేసి గడ్డి కప్పారు. అసలు సమాధి బయటపడింది 1991లో.

రూపాయి గుప్పిట్లో బిగించుకుని ఇంటికి ఉరికాను. నాయినమ్మ చేటలో కందులు చెరుగుతోంది.

"నాయినమ్మా, ఇది నైజాంది కాదే! ఢిల్లీ బాద్‌షాది. పేరు గూడ ఆయనదే ఉన్నది."

"గట్లనా? మరి శిస్తు కట్టుమని మనింటి మీదికి మనుషులను తోలింది ఎవలు బిడ్డా?"

"నైజామే."

"కట్టిన పైసలు యాడికి పోయినయ్?"

"హైదరాబాదుకే."

చేట పక్కన పెట్టి, నా గుప్పిట్లోంచి రూపాయి తీసుకుంది. పేలికలో పెట్టి ఒక్కొక్కటిగా మూడు ముళ్లూ వేసింది.

"అయితే ఇది నైజాం రూపాయే."