అచ్చ తెలుగు వీడియో: తయారుచేయు విధానం

కావలసిన పదార్థాలు: బామ్మ ఒకరు, మట్టి కుండ ఒకటి, అరటాకులు నాలుగు, డ్రోన్ ఒకటి. బామ్మ మీ సొంత బామ్మే కానక్కర్లేదు. ముఖాన ముడతలుండి, కెమెరా వైపు చూడొద్దంటే చూడకుండా ఉంటే చాలు.

ముందు ఇల్లు సర్దండి. గ్యాస్ పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ పూలు, గోడకున్న బ్యాంకువాళ్ల క్యాలెండరు ఫ్రేములో పడకూడదు. ఇవాళ ఏ పల్లెకెళ్లినా కనిపించేవి అవే కాబట్టి, అవి ఉంటే పల్లెటూరంటే ఎవరూ నమ్మరు. బకెట్ తీసి ఇత్తడి బిందె పెట్టండి. బేగంబజార్‌లో దొరుకుతుంది. ఇత్తడి వాడే ఇళ్లలో చింతపండు పెట్టి తళతళలాడేలా తోముతారు. మీరు మాత్రం కాస్త మసి పూయండి. చూసేవాళ్లకి మురికి ఉంటేనే పాతది.

వేసవి రాగానే ఆవకాయ తీయాలి. ఇక్కడ జాగ్రత్త, అసలు పనిలో సగం చూడ్డానికి బాగోదు. కాయలు కడిగి తడి లేకుండా తుడవాలి. ప్రతి ముక్కకీ టెంక అంటిపెట్టుకునేలా పెద్ద కత్తిపీట మీద కొట్టించాలి. తర్వాత ఒక్కో ముక్కలోంచి జీడి తీసి, లోపలి పొర గీకి, మళ్లీ తుడవాలి. ఈపాటికి బామ్మ నడుం పట్టేస్తుంది. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి జాడీకెత్తాక మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, నూనె చాలకపోతే పోయాలి. మూడు రోజులు ఎవరు చూస్తారండీ? ముప్ఫై సెకన్లలో తేల్చేయండి. కారం ఎగరాలి, నూనె ధార నెమ్మదిగా పడాలి, బామ్మ కళ్లు మూసుకుని ‘అబ్బ!’ అనాలి. అనకపోతే ఇంకో టేకు.

ఆవకాయ కలిపిన బేసిన్‌లోనే వేడన్నం వేసి కలిపి, చుట్టూ కూర్చున్న పిల్లలకి తలో ముద్దా పెట్టడం చాలా ఇళ్లలో ఉన్నదే. అది మాత్రం తీయకండి. బేసిన్ స్టీలుది, పైగా సొట్టపోయి ఉంటుంది.

శీర్షిక ‘5000 ఏళ్ల నాటి మన ఆవకాయ’ అని పెట్టండి. మిరపకాయ పోర్చుగీసువాళ్లతో మన దేశానికి వచ్చి 500 ఏళ్లే అయిందని ఎవడో ఒకడు కామెంట్ పెడతాడు. పెట్టనివ్వండి, రీచ్ పెరుగుతుంది.

పండగలకి పెద్దగా శ్రమక్కర్లేదు. సంక్రాంతికి తెలంగాణ సకినాలు, ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కొచ్చి, రెండూ బామ్మే చేసిందనండి. బతుకమ్మ షూటింగుకి ఆరో రోజు పెట్టుకోండి. ఆ రోజు అలిగిన బతుకమ్మ, నైవేద్యం ఉండదు, ఆడవాళ్లంతా తీరిగ్గా దొరుకుతారు. తంగేడు, గునుగు కోసం చేలగట్ల వెంట తిరగడమెందుకు, బంతిపూలు కిలోల్లెక్కన అమ్ముతున్నారు. వెనకాల వేణువు వేయండి. ఏ ఊరికైనా, ఏ వంటకైనా వేణువే.

ఈ సూత్రాలేవీ తెలియకుండానే నెగ్గినవాళ్లు ఉన్నారు, నిజమే. తెనాలి దగ్గర గుడివాడలో మస్తానమ్మ నూరేళ్లు దాటిన వయసులో ఆరుబయట కూర్చుని పుచ్చకాయలో కోడికూర వండింది. అది ఏ కాలపు సంప్రదాయమని ఎవరూ నిలదీయలేదు. 2018 డిసెంబరులో ఆమె పోయేనాటికి దేశదేశాలవాళ్లు ఆమె వంట చూస్తున్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ కూలికి పోయి, బీడీలు చుట్టి బతికిన మనిషి. వీడియోల్లో ఆమె మాట ఆమె మాటలాగే ఉంది, ఎవరూ దిద్దలేదు. ఆ మాటతోనే 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా వెళ్లింది. వీళ్లని ఆదర్శంగా తీసుకోవద్దు. అలా తీయాలంటే బామ్మ చెప్పేది వినాలి, అంత టైం మనకెక్కడిది?

చివరిది డబ్బు సంగతి. కెమెరా మీది, ఎడిటింగ్ మీది, ఛానెల్ మీ పేరున ఉంది. బామ్మ చేసింది వంటేగా, అది ఆవిడ ఎలాగూ చేసేదే. డబ్బులొచ్చాక ఓ చీర కొనిపెట్టి, ఆ పెట్టడం కూడా వీడియో తీస్తే సరిపోతుందని మన రంగంలో పెద్దలంటారు.

ఈ ఒక్క సలహా మాత్రం పాటించకండి. మొదటి షూటింగుకి ముందే ఆవిడ బ్యాంకు ఖాతా నంబరు అడిగి రాసుకోండి.