కెన్యా బాబాయ్

మీ కాలనీలోనూ ఉండే ఉంటాడు. కరెంటాఫీసులోనో బ్యాంకులోనో పెద్ద హోదాలో రిటైరై, ఒకటో తారీఖు పింఛను పడుతున్నా ఇంకా ఎవరికో లెక్క అప్పజెప్పాల్సినవాడిలా తెల్లారకముందే ల్యాప్‌టాప్ తెరిచే మనిషి. కాశీ, చార్‌ధామ్, సింగపూర్ అయిపోయాక ఇలాంటివాళ్ల చూపు తూర్పు ఆఫ్రికా మీద పడుతుంది. అప్పటిదాకా కాలనీకంతటికీ ఉత్త బాబాయే. ఆ రోజు నుంచి కెన్యా బాబాయ్.

ఆయన్ని పోల్చుకోవడం తేలిక. ఫోన్ ఎత్తి హలో అనడు, 'జాంబో' అంటాడు. నాలుగు చినుకులు పడితే మనం పకోడీల గురించి ఆలోచిస్తాం. ఆయన "మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్దవానలు, నవంబరులో చిన్నవానలు" అంటాడు. పెళ్లి భోజనంలో పక్కన కూర్చున్నామా, ఇక విస్తట్లో ఏం తిన్నామో తెలియదు. జులై నుంచి అక్టోబరు దాకా టాంజానియాలోని సెరెంగెటి నుంచి విల్డెబీస్ట్‌లు లక్షలకి లక్షలు గడ్డి వెతుక్కుంటూ కెన్యాలోని మసాయి మారాలోకి వస్తాయి, దారిలో మొసళ్లున్న మారా నదిని ఈదుతాయి. వడ్డించే కుర్రాడు పప్పు గరిటె పట్టుకుని, మొసళ్ల సంగతి తేలేదాకా అక్కడే నిలబడిపోతాడు.

"వేసవి సెలవుల్లో పోదాం బాబాయ్, పిల్లలకి బడి ఉండదు" అన్నారెవరో పాపం.

"మన వేసవంటే అక్కడ వానలయ్యా! బురదలో జీపు దిగబడితే నువ్వు తోస్తావా, సింహం తోస్తుందా?"

చివరికి దసరా సెలవులు ఖాయమయ్యాయి. ప్రభుత్వం దసరాకి సెలవులిచ్చేది అమ్మవారి కోసమని మనం అనుకుంటున్నాం గానీ, అక్టోబరులో నది దాటే జంతువుల్ని చూసి రావడానికేనని ఆయన సిద్ధాంతం.

తర్వాత ఎక్సెల్ షీటు వచ్చింది. తేదీ, సమయం, జంతువు, బాధ్యుడు, రిమార్కులు. 'బాధ్యుడు' గడిలో చిరుతపులికి ఎదురుగా నా పేరుంది. చిరుత కనబడకపోతే సంజాయిషీ నేనివ్వాలన్నమాట. హిప్పోలు నైవాషా సరస్సులో మొదటి రోజు సాయంత్రం, ఖడ్గమృగాలు నకూరులో రెండో రోజు ఉదయం. మారాలో సింహం 7:15కి. నది దాటుట 10:30 నుంచి 11:15 వరకు. మసాయి పల్లెకి ఎదురుగా 'సంస్కృతి, 3:00–4:30' అని రాసి, పక్క గడిలో 'టీతో సహా' అని చేర్చాడు.

వాట్సాప్ గ్రూపు పెట్టగానే అపార్ట్‌మెంటంతా బొటనవేళ్లు చూపించింది. అడ్వాన్సు అనగానే వేళ్లు ముడుచుకున్నాయి. ఒకాయనకి మోకాలినొప్పి తిరగబెట్టింది. ఒకావిడకి కోడలి పురుడు ఏకంగా రెండు నెలలు ముందుకొచ్చింది. మిగిలినవాళ్లు "మీరు కట్టేయండి బాబాయ్, తర్వాత సర్దేద్దాం" అన్నారు. మారాలో జనవరి నుంచి జూన్ దాకా రోజుకి మనిషికి 100 డాలర్లయిన ప్రవేశ రుసుము, జులై నుంచి 200 అవుతుంది. అదీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకానే చెల్లుతుంది. బాబాయ్ ఎవరికీ చెప్పకుండా తన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి గడువుకి ముందే విడిపించి, క్యాంపుకీ జీపులకీ అడ్వాన్సు పంపేశాడు. ఈ సంగతి మాకు చాలాకాలం తర్వాత పిన్ని నోటి నుంచి జారింది.

సరిగ్గా ఆ సమయంలోనే డాలస్ నుంచి ఆయన వియ్యంకుడు గ్రూపులో చేరాడు. ఆయనదీ ఇదే జాతి. చాట్‌జీపీటీని అడిగి నిమిషంలో ఇంకో ప్లాన్ దింపాడు. ఉదయం సెరెంగెటి, సాయంత్రం మారా. "రెండూ ఒకే మైదానం కదా బావగారూ, మధ్యలో సరిహద్దు రాయి తప్ప ఏముంది?"

"బావగారూ, ఆ రాయిని పాస్‌పోర్టు లేకుండా దాటేది విల్డెబీస్ట్‌లు మాత్రమే. మనం ఇసెబానియా దాకా చుట్టు తిరిగి, ముద్ర వేయించుకుని రావాలి. మీ చాట్‌జీపీటీ గడ్డి తింటుందేమో గానీ మనం తినం కదా."

వారం తిరిగేసరికి 'కెన్యా అఫీషియల్' ఒకటి, 'కెన్యా ఒరిజినల్' ఒకటి, రెండు గ్రూపులయ్యాయి. మేం రెండింటిలోనూ ఉండి రెండు చోట్లా బొటనవేలు చూపించాం. వియ్యంకుడికి ఆఫీసులో సెలవు దొరక్క ఆగిపోయాడు గానీ, లేకపోతే మేం ఈపాటికి చెరో దేశంలో తేలేవాళ్లం.

ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ దగ్గర బాబాయ్ విశ్వరూపం చూశాం. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ పసుపు కార్డు లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. సూది పడ్డ పది రోజులకి గానీ కార్డు చెల్లదు. అందుకని అందరినీ ముందుగానే నారాయణగూడ ఐపీఎం టీకా కేంద్రానికి తోలుకెళ్లి లైన్లో నిలబెట్టాడు. ఆ టీకాని కోడిగుడ్లలో తయారుచేస్తారు కాబట్టి నర్సమ్మ ఒక్కొక్కరినీ "గుడ్డు పడుతుందా?" అని అడుగుతోంది.

పిన్ని వంతు వచ్చింది. "పడటమేమిటమ్మా, మా ఇంట్లోకే రానివ్వం" అంది.

నర్సమ్మ సిరంజి పక్కన పెట్టేసింది. గుడ్డు తింటే ఒళ్లు దద్దుర్లెక్కడం వేరు, తినకపోవడం వేరు అని తేలడానికి పావుగంట పట్టింది. తేలాక పిన్నికి అసలు సంగతి బోధపడింది. "అంటే ఇందులో గుడ్డుందా!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. "నోటితో తింటేనే దోషం, భుజానికి మినహాయింపుంది" అని బాబాయ్ అక్కడికక్కడే కొత్త ధర్మశాస్త్రం రాశాడు.

సామాను దగ్గర ఇంకో గండం. మారా నుంచి నైరోబీలోని విల్సన్ విమానాశ్రయానికి తిరుగు ప్రయాణం బుల్లి విమానంలో. మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచీలో. చక్రాల పెట్టెలు పనికిరావు. పైగా 2017 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ సంచులు నిషేధం, పార్కుల్లోకి వాడిపారేసే నీళ్ల సీసా కూడా తీసుకెళ్లకూడదు. ఆవకాయ, కందిపొడి, చెకోడీలు కవర్లు లేకుండా దేశం దాటడమెలా? పిన్ని అటక మీద నుంచి గుడ్డ సంచులు దింపింది. మా అందరి సామాను బాబాయ్ కాటా మీద పెట్టి తూచాడు. నా బరువైన కెమెరా లెన్సు ఆవకాయ సీసాతో పోటీపడి ఓడి, ఇంట్లోనే ఉండిపోయింది.

బట్టల మీద ఉత్తర్వు వేరే. సెట్సీ ఈగలకి నీలం, నలుపు అంటే ప్రాణం కాబట్టి ఆ రంగులు ఎవరూ వేయకూడదు, అందరికీ ఖాకీ. పిన్ని నీలం పోచంపల్లి చీర సంచీలోంచి రెండుసార్లు బయటికొచ్చి మూడోసారి ఎలా లోపలికెళ్లిందో ఆయనకి ఇప్పటికీ తెలియదు. నైరోబీలో దిగినప్పుడు మా దండు ఆర్టీసీ డిపోలో సమ్మె ప్రకటించి వచ్చిన కండక్టర్లలా ఉంది.

ఆఫ్రికాలో మనకి తిండి దొరకదని మోసుకెళ్లిన రైస్ కుక్కర్, మారాలో మొదటి రాత్రే గుడారంలో ప్లగ్గు పెట్టగానే క్యాంపంతటికీ కరెంటు తీసేసింది. చీకట్లో తడుముకుంటూ భోజనాల పందిరికి వెళితే, లాంతరు వెలుగులో వేడివేడి చపాతీ, బీన్స్ కూర. 1896లో మొంబాసా నుంచి మొదలైన రైలు పట్టాలు వేయడానికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం నుంచి ముప్పై వేలకు పైగా కూలీల్ని తీసుకెళ్లారు. ఆ కాలం నుంచి వెళ్లి స్థిరపడిన మనవాళ్ల చపాతీ ఇప్పుడు కెన్యావాళ్ల ఇంటి వంట. 2017లో మనవాళ్లని ఆ దేశం తన తెగల్లో ఒకటిగా గుర్తించింది కూడా. కుక్కర్ని మాత్రం ఏ తెగా గుర్తించలేదు. తిరుగు ప్రయాణం దాకా అది బాబాయ్ 15 కిలోల్లో భాగంగానే ఉంది.

వంటాయన "పొద్దున ఫలహారం ఒంటిగంటకి" అన్నప్పుడు బాబాయ్ గుండె జారింది. తర్వాత తెలిసింది, స్వాహిలీ లెక్కలో గంటలు సూర్యోదయం నుంచి మొదలవుతాయి, మన ఏడు వాళ్లకి ఒకటి. "మన పంచాంగంలో ఘడియల లెక్కే!" అని మురిసిపోయి మర్నాటి షీటు స్వాహిలీ గంటల్లోకి మార్చి పంచాడు. 'బయల్దేరుట: 12'. అంటే పొద్దున ఆరన్నమాట. రెండో జీపువాళ్లు మధ్యాహ్నమనుకుని ముసుగుతన్ని పడుకున్నారు. 200 డాలర్లని 12 గంటలతో భాగిస్తే గంటకి 16 డాలర్ల 67 సెంట్లు. వాళ్ల గుడారాల ముందు నిలబడి ఒక్కో పేరూ, ఒక్కో నష్టం గట్టిగా చదివాడు.

జంతువుల దగ్గర ఆయన పద్ధతి ఒకటే. వేటగాళ్ల కాలం నుంచి పేరుమోసిన పెద్ద ఐదు: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. వీటికి టిక్కు పడాలి. సింహం కనబడింది. టిక్కు. "పోనివ్వు బాబూ" అన్నాడు డ్రైవరుతో. "ఏవండీ, ఆ పిట్ట చూడండి, పొట్ట కాషాయం, వీపు నీలం, ఎంత మెరుస్తోందో" అంది పిన్ని. "అది లిస్టులో లేదే" అన్నాడు. నీలం రంగు వేసుకున్నందుకు పిట్ట మీద కూడా కోపమొచ్చిందేమోనని నా అనుమానం.

మసాయి పల్లెలో 'సంస్కృతి' 3:20కి మొదలైంది. ఎర్ర దుప్పట్ల కుర్రాళ్లు నిలువునా ఎగిరి నాట్యం చేస్తుంటే, ఆయన గడియారం చూసుకుంటూ చప్పట్లు కొట్టాడు. ఊరిపెద్ద కొడుకు చక్కటి ఇంగ్లీషులో అడిగాడు, "మీకెన్ని ఆవులున్నాయి సార్?"

"లేవు. రెండు ఫ్లాట్లున్నాయి."

ఆ అబ్బాయి ముఖంలో ఎంత జాలి కనబడిందో! ఇంకొంచెంసేపు ఉంటే ఒక దూడనిచ్చి పంపేవాడు. ఈలోగా పిన్ని కనబడలేదు. అక్కడ ఇళ్లు కట్టేది ఆడవాళ్లే, పుల్లల మీద మట్టీ పేడా మెత్తి. పిన్ని చీరకొంగు దోపుకుని ఒక గోడ ముందు కూర్చుని, పేడ పాలెంత, మట్టి పాలెంత అని సైగలతో వాదిస్తోంది. భాష రాకపోయినా ఎదుటి ముసలమ్మ పిన్ని కలిపిన ముద్ద నలిపి చూసి, అడ్డంగా తలూపి, ఇంకాస్త పేడ వేసింది. 'టీతో సహా' అన్న గడి ఖాళీగా ఉండిపోయింది గానీ, షీటులో లేనిది అంతసేపు జరిగింది అక్కడొక్కచోటే.

పూసల దండ కొన్నప్పుడు, మా దేశంలో కూరగాయల బండి మీద కూడా క్యూఆర్ ఉంటుందని చెప్పబోయాడు. పూసలమ్మే ఆవిడ నడుముకి దోపుకున్న ఫోను తీసి, అందులోనే డబ్బు పుచ్చుకునే ఎంపెసా నంబరు చూపించింది. అది 2007లోనే వచ్చిందని, మన యూపీఐ 2016లోదని డ్రైవరు వివరించాడు. బాబాయ్ బేరం ఆడకుండా కొన్న వస్తువు ఆ దండ ఒక్కటే.

ఇక నది. 10:30కి మేం సిద్ధంగా ఉన్నాం. అవతలి పార్టీ సిద్ధంగా లేదు. గట్టు మీద వేలకొద్దీ విల్డెబీస్ట్‌లు, పిన్ని మాటల్లో గడ్డం బర్రెలు, గుంపుగా నీళ్ల దాకా వస్తాయి, వాసన చూస్తాయి, వెనక్కి తిరుగుతాయి. ఒకటి దూకేదాకా జీపులు గట్టుకి దూరంగా ఆగాలి, లేకపోతే మంద బెదురుతుంది. 11:15 అయింది. ఒంటిగంట అయింది. చెకోడీలు అయిపోయాయి. "ఇన్ని వేలున్నాయి, ఒక్కదానికీ బాధ్యత లేదు! ముందెవరో ఒకరు దూకాలి కదా!" అని బాబాయ్ జీపు పైకప్పులోంచి కేకలు పెట్టబోతే, డ్రైవరు "పోలే పోలే సార్", అంటే నెమ్మది నెమ్మది, అని కూర్చోబెట్టాడు.

మూడవుతుండగా ఒకటి దూకింది. దాని వెనక గట్టంతా కూలినట్టు వందలు, వేలు. దుమ్ము, నీళ్లు, గుర్రు గుర్రుమనే అరుపులు. ఓ మూల రెండు మొసళ్లు. బాబాయ్ కూడా నోరు తెరుచుకుని చూశాడు. ఆ తర్వాత ఏ షీటూ ఊహించనిది జరిగింది. అటు వెళ్లినవాటిలో సగం, గంట తిరక్కుండా మళ్లీ ఇటే ఈదుకుంటూ వచ్చేశాయి. అవి అంతే, ఏ ఒడ్డున గడ్డి బాగుందనిపిస్తే ఆ ఒడ్డుకి, సీజనులో ఎన్నిసార్లయినా. ఆయన బాధల్లా దీన్ని ఒక దాటుటగా రాయాలా, రెండుగా రాయాలా అని. డాలస్‌లో పొద్దున్నే లేచున్న వియ్యంకుడు 'రెండు' అని మెసేజి పెట్టాడు. బాబాయ్ వెంటనే 'ఒకటి' అని ఖరారు చేశాడు.

ఇంటికొచ్చాక కాలనీ మీటింగులో ఎవరో అడిగితే, చెకోడీల గురించి అందరికంటే ఎక్కువ సణిగినాయన చెప్పాడు: "పెద్ద ప్లానింగేం అక్కర్లేదండీ. వెళ్లాం, అన్నీ వాటంతటవే జరిగిపోయాయి." బాబాయ్ అక్కడే ఉన్నాడు, ఏమీ అనలేదు. మేం కూడా అనలేదు. అడ్వాన్సు అడిగిన రోజున గట్టు మీద నిలబడి నీళ్ల వాసన చూసి వెనక్కి తిరిగినవాళ్లం మేమే. ముందు దూకింది ఆయనొక్కడే. వెనకాల దూకినవాళ్లకి నది ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుంది.

అందుకని తోటి ప్రయాణికులకి నా సలహా ఒకటి. మీ కాలనీలో ఇలాంటి బాబాయ్ ఒక్కడైనా లేకపోతే కెన్యా ప్రయాణం పెట్టుకోకండి. ఇద్దరుంటే అసలే పెట్టుకోకండి.