రెండు వందల బార్ల బతుకు

ఈ డైవింగ్ సిలిండరు ఉండేది అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో. 2018లో ఆ దీవి స్వరాజ్ ద్వీప్ అయింది కానీ, పడవవాళ్ల నోట ఇంకా పాత పేరే. దీనిది అల్యూమినియం ఒళ్లు, 11 లీటర్ల పొట్ట. తెల్లారేసరికి కంప్రెసర్ ఆ పొట్టలోకి 200 బార్ల ఒత్తిడితో గాలి కుక్కుతుంది. ఒళ్లు వెచ్చబడుతుంది. చూసినవాళ్లంతా ఆక్సిజన్ సిలిండరు అంటారు గానీ, లోపల ఉన్నది మామూలు గాలే. నూటికి 21 పాళ్లు ఆక్సిజన్, మిగతాది దాదాపు అంతా నైట్రోజన్. మొదటి తంటా ఆ నైట్రోజన్‌తోనే.

లోతున ఒత్తిడికి అది రక్తంలో, కండల్లో కరుగుతుంది. గబగబా పైకి వస్తే గోలీసోడా కొట్టినట్టు బుడగలు పొంగుతాయి. బ్రూక్లిన్ వంతెన పునాదుల్లో, గాలి కుక్కిన పెట్టెల్లో పనిచేసిన కూలీలను 1870లలో వంకర్లు తిప్పింది ఈ జబ్బే. చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా దాంతో మంచాన పడ్డాడు. మెట్లు మెట్లుగా ఆగుతూ పైకి రావాలని శాస్త్రవేత్త హాల్డేన్ లెక్క కట్టింది 1908లో.

ఇంకో గండం గాలి అయిపోవడం. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది. అందుకే గట్టు మీద గంటన్నర దాటి వచ్చే గాలి 30 మీటర్ల లోతులో అరగంట కూడా రాదు. 947 మంది డైవర్ల మరణాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. ప్రమాదం ఎక్కడ మొదలైందో తేలిన కేసుల్లో 41 శాతానికి మూలం గాలి చాలకపోవడమే. ఆ లెక్క వింటే ఈ సిలిండరు గుండె కలుక్కుమంటుంది. దాని గేజ్ ముల్లు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, చూసేవాళ్లే చూడలేదు.

మొన్న ఒక హైదరాబాదు అబ్బాయి అలాగే తాబేలు వెంట పడ్డాడు. 18 మీటర్ల లోతు. ముల్లు 100 దాటింది, 80 దాటింది. శిక్షకుడు వచ్చి గేజ్ పట్టుకుని అతని కళ్లద్దం ముందు పెట్టాడు. అప్పుడు చూశాడు. ఇద్దరూ మెల్లగా లేచి, 5 మీటర్ల దగ్గర తాడు పట్టుకుని మూడు నిమిషాలు ఆగారు. పైకి వచ్చేసరికి 60 బార్లు మిగిలాయి.

సాయంత్రం జెట్టీ మీద ఈ సిలిండరుకే చేరగిలబడి ఫోన్ చేశాడు. అవతల జీవిత బీమా ఏజెంటు, సొంత మేనమామ.

"సరదాకి నాలుగు మునకలేశావు. అది కూడా ఫారంలో ఎక్కించాలా రా?"

"ఏడాదికి పన్నెండు డైవ్‌లు మావయ్యా. సర్టిఫికెట్ కూడా ఉంది."

"ప్రీమియం పెంచుతారు. లేదని రాసెయ్."

మావయ్య భయం ఉత్తదే కావచ్చు. సర్టిఫికెట్ ఉండి తక్కువ లోతులో దిగేవాళ్లకు తరచూ మామూలు ప్రీమియంతోనే పని జరిగిపోతుంది. గుహలు, మునిగిన ఓడలు, మరీ లోతులు అంటేనే అదనపు సొమ్మో, మినహాయింపో. దాస్తే మాత్రం, మన బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లలోపు కంపెనీ ఆ పాలసీని ప్రశ్నించవచ్చు. అతనికేమైనా అయితే, అప్పుడు ఆఫీసుల చుట్టూ తిరగాల్సింది ఆ అబ్బాయి కాదు, అతని అమ్మ. ఇంకో సంగతి కూడా ఉంది. బుడగల జబ్బు వస్తే ఒత్తిడి గదిలో చేసే వైద్యానికి జీవిత బీమా డబ్బు కట్టదు. దానికి డైవర్ల బీమా వేరే ఉండాలి. మామూలు ప్రమాద పాలసీలు చాలావరకు సాహస క్రీడలను పక్కన పెట్టేస్తాయి.

ఈ సిలిండరుకు దాపరికం కుదరదు. పరీక్ష చేసిన తేదీ దాని భుజం మీదే గుద్ది ఉంటుంది. ఆ తేదీ పాతదైతే గాలి నింపే మనిషి పక్కకు నెట్టేస్తాడు.

అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. లాగ్‌బుక్ తెరిచి డైవ్‌లు మళ్లీ లెక్కపెట్టాడు.

"పన్నెండు కాదు, పదమూడు. అదే రాస్తున్నా మావయ్యా," అన్నాడు. తర్వాత శిక్షకుణ్ణి అడిగాడు, "అన్నా, నా ఫ్లైట్ రేపు పొద్దున ఆరింటికి. ఎక్కొచ్చా?"

"ఈ రెండు రోజుల్లో నాలుగు సార్లు దిగావు తమ్ముడూ. కనీసం 18 గంటలు ఆగు. టికెట్ మార్చుకో."

పడవ కుర్రాడు వచ్చి ఈ సిలిండరును భుజాన వేసుకున్నాడు. కంప్రెసర్ అప్పటికే మోగుతోంది.