చివ్వెంలలో చికాగో చలి

పుష్యమాసం దగ్గరపడేసరికి పందిరి మీది చిక్కుడు ఎంత నమ్మకంగా కాపుకు వస్తుందో, పత్రికల వారాంతపు అనుబంధాల్లోనూ, అంతకు పదింతలుగా చేతిఫోన్లలోనూ, ‘గడ్డకట్టే చలిలో నగరవాసులు ఇల్లు కదలకుండా చేయదగిన పనులు’ అనే జాబితా అంత నమ్మకంగా కాపుకు వస్తుంది. అంశాలు పది కావచ్చు, ఇరవై ఒకటి కావచ్చు. కానీ మ్యూజియం చూడటం, కప్పు కింద మంచుగడ్డ పరచిన మైదానంలో స్కేటింగ్ చేయటం, గోడలో అమర్చిన పొయ్యి ముందు కూర్చొని నవల చదవటం, ఓవెన్‌లో కుకీలు కాల్చటం, చాక్లెట్ కలిపిన వేడి పాలు తాగటం అనే అయిదూ ఏ జాబితాలోనూ తప్పిపోవు. ఈ జాబితా సూర్యాపేట జిల్లా చివ్వెంల మండలానికి చేరేసరికి ఎన్ని చేతులు మారి ఉంటుందో చెప్పలేం గాని, మారిన చేతుల్లో ఏ ఒక్కదానికీ చలి పెట్టలేదన్న సంగతి మాత్రం చదివితే తెలిసిపోతుంది.

జాబితా పుట్టిన చోట దానికి పరువూ ప్రయోజనమూ ఉన్నాయని ముందే ఒప్పుకోవాలి. 2019 జనవరి 30న చికాగో విమానాశ్రయంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 31 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయింది. గాలి వేగాన్ని కూడా లెక్కలో కలిపి ఒంటికి ఎంత చలి తెలుస్తుందో చెప్పే కొలత ఒకటుంది, దాన్ని విండ్ చిల్ అంటారు, ఆ లెక్కన అది సున్నాకు దిగువన 46 దాకా వెళ్లింది. అటువంటి గాలిలో కప్పుకోని చెవీ ముక్కూ నిమిషాల మీద గడ్డకట్టి చచ్చుబడతాయి గనుక, వానకూ మంచుకూ వెరవదని పేరుపడ్డ అమెరికా తపాలా శాఖ సైతం ఆ ప్రాంతంలో ఆనాటి బట్వాడా ఆపివేసింది. మినియాపోలిస్ నగరం నడిబొడ్డున భవనాల మొదటి అంతస్తులను అద్దాల వంతెనలతో కలుపుతూ సుమారు 15 కిలోమీటర్ల నడవా కట్టుకొంది. మాంట్రియల్ నేల కింద 30 కిలోమీటర్లకు మించిన దారులు తవ్వుకొంది. అటువంటి నగరాల్లో స్థిరపడిన తెలుగువారు సంక్రాంతికి ఏదో ఒక బడి హాలు అద్దెకు తీసుకొని, అట్టల మీద ముగ్గులు వేసి, నాలుగు కట్టెల మధ్య ఎర్రకాగితం నిలబెట్టి లోపల బల్బు వెలిగించి దాన్నే భోగిమంట అనుకొంటారు, ఎందుకంటే నిజం మంట పెడితే పొగకు అలారం మోగి అగ్నిమాపక బండి వచ్చి నిలుస్తుంది. ఆ కాగితపు మంటను చూసి నవ్వవలసిన పని లేదు, అక్కడ అదే తెలివి. నవ్వవలసింది, ఆ తెలివినే మడత విప్పకుండా తెచ్చి, మంట పెట్టుకోవటానికి ఊరంతా వాకిలే అయిన చోట పంచిపెట్టే పద్ధతిని చూసి.

భారత వాతావరణ శాఖకు చలి విషయంలో ఒక లెక్క ఉంది. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గాని అంతకు దిగువకు గాని పడిపోయి, ఆ రోజుకు మామూలుగా ఉండవలసినదానికన్నా కనీసం 4.5 డిగ్రీలు తక్కువైతే తప్ప ‘శీతల గాలులు’ అనే మాట వాడదు. 4 డిగ్రీలకు దిగితే మాత్రం ఈ తేడా కూడా చూడదు. పత్రికలకు అంత ఓపిక లేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో పాదరసం 12 దగ్గరికి వచ్చిందంటే చాలు, చలి పులి పంజా విసురుతుంది, జనం గజగజలాడతారు, జనజీవనం స్తంభిస్తుంది. తీరా చూస్తే ఈ పులి తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా మాత్రమే డ్యూటీ చేస్తుంది; మధ్యాహ్నం ఒంటిగంటకు అదే ఊళ్లో ముప్పై డిగ్రీల ఎండ కాస్తుండగా, బస్సు కోసం నిలబడ్డవారు చెట్టు నీడ వెతుక్కొంటారు. హైదరాబాద్ చరిత్రలోనే కనిష్ఠమైన 6.1 డిగ్రీలు 1946 జనవరి 8న నమోదయ్యాయి. ఆ రికార్డు చలికీ చికాగో చలికీ మధ్య ఉన్న దూరం సుమారు 37 డిగ్రీలు, అంటే చివ్వెంల నడివేసవి మిట్టమధ్యాహ్నాన్ని అదే ఊరి పుష్యమాసపు తెల్లవారుజాముతో పోల్చినా రావటం కష్టమైనంత దూరం.

ఇక ‘గడ్డకట్టే చలి’ అన్న మాట పూర్తిగా అబద్ధమని కూడా అనలేం, ఎందుకంటే ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా గడ్డకట్టే వస్తువు ఒకటి నిజంగానే ఉంది. అది కొబ్బరినూనె. సుమారు 24 డిగ్రీలకు దిగువన అది తెల్లగా పేరుకుపోతుంది గనుక, బడికి వెళ్లే పిల్ల జడ వేయించుకోవటానికి కూర్చునే ముందు నూనె సీసాను వాకిట్లో ఎండపొడ పడే గోడ మీద పెట్టి రావటమే చలికాలం వచ్చిందనటానికి ఇక్కడి అధికారిక ప్రకటన. జాబితా రాసినవారు ఈ పనిని చేర్చలేదు.

అనువాదానికి అసలు గండం ‘మంచు’ అనే మాట దగ్గర వస్తుంది. తెలుగులో అది పెద్ద ఉమ్మడి కుటుంబం: గడ్డిపోచ మీది బొట్టూ మంచే, రోడ్డును కమ్మే తెల్లటి పొగా మంచే, హిమాలయం మీద పేరుకొన్నదీ మంచే, శీతలపెట్టెలో కట్టిన గడ్డా మంచే. అందువల్ల ‘బయట మంచు కురుస్తున్నప్పుడు కారు తీయవద్దు, ముందుగా పారతో దారి చేసుకోండి’ అన్న హెచ్చరికను చివ్వెంలలో చదివినవారి కళ్ల ముందు చిక్కుడాకు మీద మెరిసే నాలుగు చుక్కలు నిలుస్తాయి, వాటికి పార ఎందుకో అంతుపట్టదు. విచిత్రమేమంటే మంచు వల్ల నిజంగా ప్రాణభయం ఉన్నది ఇక్కడే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి ఈ మండలం మీదుగానే పోతుంది. తెల్లవారుజామున పొగమంచు దిగినప్పుడు, వెనక దీపం లేకుండా రోడ్డు వారన ఆపిన లారీ దగ్గరకొచ్చే దాకా డ్రైవర్‌కు కనిపించదు. ‘ఆపిన బండికి వెనక దీపం పెట్టండి’ అన్న ఒక్క వాక్యం ఇరవై ఒక్క అంశాల మధ్య ఎక్కడా దొరకదు, చికాగోవారు రాయలేదు గదా మరి.

అయినా జాబితా మొత్తాన్ని మోస్తున్న స్తంభం ‘ఇంట్లోనే’ అన్న మాట. చలిదేశపు ఇంటికి గోడల నడుమ వేడిని పట్టి ఉంచే దళసరి పొర ఉంటుంది, కిటికీకి రెండు పొరల అద్దం ఉంటుంది, ఇల్లంతటికీ వేడి పంచే యంత్రం ఉంటుంది, కనుక అక్కడ లోపల అంటే వెచ్చన అని అర్థం. ఈ ప్రాంతపు ఇల్లు 45 డిగ్రీల ఎండను మనసులో పెట్టుకొని కట్టినది: గాలి ఆడటానికి వెంటిలేటర్లు, చల్లదనానికి నాపరాతి బండలు, ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారే స్లాబు. అటువంటి ఇల్లు పుష్యమాసంలోనూ తనకు నేర్పిన పనే చేస్తుంది. పొద్దు పొడిచిన గంటకు వాకిలి వెచ్చబడితే, లోపలి బండలు మాత్రం పదింటి దాకా అరికాలిని కొరుకుతూనే ఉంటాయి. అందుకే బుద్ధి తెలిసినవారు చలికాలపు పొద్దున ఇంట్లో ఉండరు. ముసలమ్మ నులకమంచాన్ని గుమ్మం బయటికి లాగి, వీపు తూర్పుకు పెట్టి, చేటలో బియ్యం పోసుకొని మెరికలు ఏరుతుంది. నీడ జరిగినకొద్దీ మంచమూ జరుగుతుంది, తొమ్మిదిన్నరకల్లా ఎదురింటి గోడ దాకా చేరుతుంది. లోపలా కాని, బయటా కాని అరుగు అనే ఏర్పాటును తెలుగువారు ఊరకే కనిపెట్టలేదు. అష్టాచమ్మా గళ్లు గీసుకొన్నదీ, పులిజూదం ఆడినదీ దాని మీదే. ప్రపంచాన్ని లోపల, బయట అని రెండు ముక్కలు చేసి తలుపు వేసేసినవారికి అరుగు కనపడదు.

జాబితాలోని మిగతా సలహాలను నమ్మి బయలుదేరినవారి గతి ఎలా ఉంటుందో ఊహించటానికి పెద్ద శ్రమ అక్కరలేదు. మ్యూజియం కావాలంటే నల్లగొండ పక్కన పానగల్లులో ఉంది, శిల్పసంపద కావాలంటే సూర్యాపేట శివార్లలోని పిల్లలమర్రిలో 1208 నాటి ఎరకేశ్వరాలయం ఉంది. రెండూ తప్పక చూడవలసినవే గాని, నల్లరాతి గర్భగుడిలో చలి కాచుకోవచ్చునని ఆ గుడి కట్టించినవారు సైతం అనుకొని ఉండరు. సినిమా హాలుకు వెళితే డిసెంబరులోనూ ఏసీ నడుస్తుంది, చీరల షోరూముకు వెళితే అక్కడా నడుస్తుంది. పదిహేను డిగ్రీల చలిని తప్పించుకోవటానికి డబ్బు పెట్టి అంతకన్నా చల్లని గదిలో కూర్చొని రావటం ఈ జాబితా తెచ్చిపెట్టిన వినోదాల్లో మొదటిది. రెండోది అంతకన్నా ఘనమైనది: ఇల్లు కదలవద్దన్న సలహాను సోమవారం పదిమందికి పంపినవారే శుక్రవారం రాత్రి బండి కట్టించుకొని, చలిని చూసి రావటానికి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి పోతారు. బయట పడుకొంటే తెల్లారేసరికి మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడన్న అర్థంలో ఆ ఊరికి కొర్రబయలు అని పేరు పెట్టుకొన్న స్థానికులు, వీరి సంబరం చూసి ఏమనుకొంటారో.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు గాని, ‘తలుపులూ కిటికీలూ బిగించుకొని గదిని వెచ్చగా ఉంచుకోండి’ అన్న సలహా దగ్గర నవ్వు ఆగిపోతుంది. వేడి యంత్రం ఉన్న దేశంలో అది నిరపాయమైన మాట. అది లేని చోట గది వెచ్చబడాలంటే బొగ్గుల కుంపటి లోపలికి రావాలి. బొగ్గు గాలి చాలక అరకొరగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకన్నా రెండు వందల రెట్లకు మించిన గట్టితనంతో పట్టుకొంటుంది, నిద్రపోయేవారికి దగ్గు కూడా రాదు. వెంటిలేటర్ లేని స్నానాల గదిలో బిగించిన గ్యాస్ గీజరూ ఇదే పని చేయగలదు. పాతకాలపువారికి ఈ రసాయనశాస్త్రం తెలియకపోయినా కుంపటిని వసారాలోనే ఉంచేవారు, నెగడు వేసుకొంటే వీధిలోనే వేసుకొనేవారు. వారిది మూఢత్వమనీ, తలుపు మూసుకోవటం నాగరికత అనీ తేల్చినవారు గదికున్న వెంటిలేటర్ రంధ్రంలో గుడ్డలు కుక్కిస్తున్నారు.

చలి అనగానే జనం ఇళ్లలో దాక్కొంటారన్న సిద్ధాంతాన్ని పరీక్షించటానికి చివ్వెంల మండలంలోనే మంచి ప్రయోగశాల ఉంది. దురాజ్‌పల్లి దగ్గర పెద్దగట్టు మీద, రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర అయిదు రోజులు జరుగుతుంది; 2023లో ఫిబ్రవరి 5న, 2025లో ఫిబ్రవరి 16న మొదలైంది. మేడారం తరువాత తెలంగాణలో అంతటిదని చెప్పుకొనే ఈ జాతరలో, కేసారం ఊరి నుంచి దేవతామూర్తులుండే దేవరపెట్టె గట్టుకు చేరే ఆదివారం రాత్రి లక్షల మంది ఆరుబయటే ఉంటారు; జాతీయ రహదారి మీది బండ్లనే వేరే దారికి మళ్లిస్తారు. మాఘమాసానికి మాకులు వణుకుతాయని సామెత ఉండనే ఉంది, అయినా గజ్జెల లాగులు తొడిగి భేరీల మోతకు ఎగిరేవారి మీద ఆ సామెత పని చేసినట్టు కనపడదు. ఈ జాతరకు వచ్చే యాదవుల భుజాన ఉండే గొంగడి, అంటే దక్కని గొర్రెల ఉన్నితో కురుమలు నేసే నల్లటి కంబళి, కప్పుకొంటే దుప్పటి, పరుచుకొంటే పడక, నెత్తిన కొప్పెర పెట్టుకొంటే కప్పు. చలికి ఇంట్లోకి పోవటానికి బదులు ఇంటినే భుజాన వేసుకొని తిరిగే ఈ ఉపాయం కుకీలకు ఇచ్చిన చోటులో నాలుగోవంతుకైనా నోచుకోలేదు.

అసలీ జాబితా ఎవరి కోసమన్న ప్రశ్న కూడా ఒకటుంది. చలి వచ్చినప్పుడు ఇంట్లో ఏం చేయాలని అడగటానికి, ముందు ఇంట్లో ఉండే వీలుండాలి. యాసంగి వరి, అంటే రబీ పంట, ఈ ప్రాంతంలో సరిగ్గా ఈ చలిలోనే నాటు పడుతుంది. సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ దాకా, బోర్ల కింద చివ్వెంల చుట్టూ, ఆటోల్లో కిక్కిరిసి పొద్దు పొడిచేసరికి మడిలో దిగిన ఆడకూలీలు, పిక్కల లోతు బురదనీళ్లలో నడుము వంచి వెనక్కి వెనక్కి నడుస్తూ ఆ పని చేస్తారు. ఇంట్లో ఉండి చేయదగిన నాటు ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

చివ్వెంలలో చలికి తలదాచుకొనే భాగ్యం నిజంగా కలిగినది ఒక్క వరినారుకే. రాత్రి చలికి నారు ఎదుగుదల ఆగి ఎర్రబారుతుంది గనుక, సాయంత్రం నారుమడి చుట్టూ కర్రలు పాతి, ఆకుకు తగలకుండా పైన పాలిథిన్ పట్టా కప్పాలనీ, తెల్లారి పట్టా తీసి, రాత్రంతా చల్లబడిన నీటిని వదిలేసి కొత్త నీళ్లు పెట్టాలనీ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. తెలుగు నేల మీద, తెలుగు పంటను చూసి, ఈ చలికే రాసిన సలహా అది. దాన్ని మాత్రం ఎవరూ పదిమందికి పంపరు. తెల్లవారుజామున పట్టాను రెండు కొసలా పట్టుకొని ఎత్తగానే, దాని మీద రాత్రంతా చేరిన మంచు ఒక్కసారిగా జారి, ఎత్తిన మనిషి చేతుల మీదుగా మోచేతుల దాకా పారుతుంది. ఆమె పట్టాను గట్టు మీద పడేసి, కొంగుతో చేతులు తుడుచుకొని, బోరు పైపు కింద రెండు అరచేతులూ పెట్టి కాసేపు అలాగే నిలబడుతుంది. నేల అడుగు నుంచి వచ్చే ఆ నీళ్లు, ఆ వేళకు, గోరువెచ్చగా ఉంటాయి.