మైకు మావయ్య

యాంగోన్‌లోని తామ్వేలో తెలుగు పిల్లలు ఆయన్ని "మావయ్యా" అంటారు, బర్మా పిల్లలు "ఊలే" అంటారు. రెండు పిలుపులకీ అర్థం ఒకటే: వైరు పట్టుకురమ్మని. కాలేజీలో కొత్తవాళ్ళకి సీనియర్లు స్వాగతోత్సవం చేసినా, ఉగాదికి మన కుర్రాళ్ళు పాటలు పెట్టుకున్నా తెర వెనక ఇలాంటి మనిషి ఒకడుండి తీరాలి.

చూడగానే పోల్చుకోవచ్చు. లుంగీ ముడిలో టెస్టరు, మణికట్టుకి గాజుల్లా నల్ల టేపు చుట్టలు, బుగ్గన కిళ్ళీ, పళ్ళ మధ్య టార్చిలైటు. అందుకే ఆయన చెప్పేది ఎవరికీ అర్థం కాదు. పని మాత్రం జరిగిపోతుంది.

ముత్తాతల కాలంలో మనవాళ్ళు కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కి రంగం, అంటే ఈ యాంగోన్, వచ్చారు. చాలామంది ఇక్కడి రేవులో బస్తాలు మోశారు. మావయ్య స్పీకర్లు మోస్తున్నాడు. సరుకు మారింది, మోత మారలేదు.

ఆయనకి సంగీతం తెలియదు, సామాను తెలుసు. పాడేవాళ్ళని కూడా వాళ్ళు పాడుచేసిన సామాన్నిబట్టే గుర్తుపెట్టుకుంటాడు. "వాడి గొంతు సంగతి నాకెందుకురా? మైకు విసిరేసే బాపతు. పాతదివ్వండి!"

ఆరింటి కార్యక్రమానికి జనరేటరు వాడికి మూడనీ, పాటగాళ్ళకి నాలుగనీ, ముఖ్య అతిథికి అయిదనీ చెబుతాడు. అందరూ ఆరున్నరకి కలుస్తారు.

యాంగోన్ కరెంటుకి తాళజ్ఞానం ఎక్కువ. సరిగ్గా పల్లవి దాటి చరణంలో అడుగుపెట్టేవేళకి పోతుంది. కుర్రాళ్ళు ఈలలేస్తారు. మావయ్య ఎవర్నీ తిట్టడు, జనరేటరు తాడు లాగుతాడు. మూడుసార్లు దగ్గి, నాలుగోసారి అది అందుకుంటుంది. లైట్లు వెలగ్గానే హాలంతా "మీ లా బీ!" అని అరుస్తుంది. కరెంటొచ్చిందోయ్ అని. ఆ సాయంత్రం శ్రుతి కలిసింది ఆ ఒక్క ముక్కకే అని మావయ్య అభిప్రాయం.

నగరం చుట్టూ దాదాపు 46 కిలోమీటర్లు తిరిగే సర్క్యులర్ రైలు మళ్ళీ తామ్వే స్టేషనుకే వచ్చినట్టు, ఆయన వైర్లు ఏ కాలేజీకి వెళ్ళినా తామ్వేకే తిరిగొస్తాయి. అద్దె కుర్చీలకి ఆ బుద్ధి లేదు. తెచ్చినవి 150, లెక్కకి తేలేవి 148. ఆ రెండింటి డబ్బూ ఆయన జేబులోంచే.

వందన సమర్పణలో చివరి పేరు ఆయనదే. కాకపోతే ఆ పేరు వచ్చేసరికి, డీజిలు అయిపోతోందని మైకు వైరు పీకి మోచేతికి చుట్టేస్తుంటాడు.

కాలేజీలో పాటకచేరీ పెట్టబోయే పిల్లలకి నా సలహా ఒక్కటే. గాయకుడు దొరక్కపోతే ఇంకొకణ్ణి చూసుకోండి. మావయ్య దొరక్కపోతే మాత్రం తేదీ మార్చుకోండి.